అబీలియు రాసిచ్చిన కాగితం

అబీలియు, ముందే చెప్తున్నా,
నీ కుక్క మీద నాకెప్పుడూ ప్రేమ లేదు.
గోడ దూకొచ్చి నా బఠాణీ పాదులు తవ్విందని
రెండేళ్ళు నీతో మాట మానేసినదాన్ని.
తుంటి ఎముక మార్పించుకోవడానికి ఎవోరా వెళ్తూ
దాని తాడు తెచ్చి నా చేతిలోనే ఎందుకు పెట్టావో!
వీధిలో ఇంకెవరూ మిగల్లేదనుకో.

తాడుతో పాటు ఓ కాగితం.
మందుల చీటీ వెనక, పెన్సిలుతో,
కోడి గెలికినట్టున్న అక్షరాలు:
తిప్పి తెచ్చాక చెవుల వెనక, చంకల్లో చూడు, పిడుదులుంటాయి.
చేత్తో నలపొద్దు, పట్టకారుతో తియ్యి.
వేళ్ళ సందుల్లో గడ్డిముళ్ళు. అవి లోపలికే నడుస్తాయి, వెనక్కి రావు.
మార్చి నెల్లో పైన్ చెట్ల కిందికి వద్దు.
చివరి ముక్క కింద రెండు గీతలు.

కుక్కకి కూడా ఇంత పంచాంగమా అనుకుని
మడిచి చక్కెర డబ్బా కింద పెట్టాను.

ఆ వారం వానలు వెలిశాయి.
కరెంటు స్తంభాల మీద కొంగలు ముక్కులు టకటకలాడించాయి.
చలికాలమంతా పొయ్యి పక్కన ముడుచుకున్న మోకాళ్ళే
నన్ను బయటికి లాగాయి, కుక్క కాదు.
పాత రైలుకట్ట దిగి తోపులోకి నడిచాం.

నేల మీద గొంగళిపురుగులు,
ఒకదాని తోకకి ఇంకొకటి మూతి ఆనించి.
ముప్ఫై ఒక్కేళ్ళు బడి వంటింట్లో
పళ్ళేలు పట్టుకున్న వరసల్ని చూసినదాన్ని,
ఇంత బుద్ధిగా నడిచే వరస ఎరగను.
చిన్నప్పట్నించీ చూస్తూనే ఉన్నాను వాటిని,
నిలబడి.
కుక్క ముక్కంత ఎత్తు నుంచి ఎన్నడూ చూడలేదు.

ఒక్క నాకుడు.

ఆ తర్వాత అది మూతిని నేలకేసి రాసుకుంది.
చొంగ తాళ్ళుతాళ్ళుగా.
నాలుక నోట్లో పట్టక బయటికొచ్చింది,
ఊదారంగులో.
నీ కాగితంలో వద్దు అని ఉంది,
వద్దన్నది జరిగిపోతే ఏం చెయ్యాలో లేదు.
దాన్ని ఎత్తుకున్నాను. పద్దెనిమిది కిలోలు, నేను!
రోడ్డు దాకా ఎలా వచ్చానో తెలీదు.

రొట్టెల వ్యాను ఆపింది యొలాండా.
కొంగుతో దాని నోరు తుడవబోతే
"రుద్దకు!" అని అరిచింది.
"నూగు విరిగితే విషం ఇంకా ఊరుతుంది.
నీళ్ళు పొయ్యి, పోస్తూనే ఉండు."
రొట్టె సంచులు చేతులకి తొడుక్కుని
దాని ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళన్నీ పోశాం,
తల కిందికి వంచి, బయటికి కారిపోయేట్టు.
రొట్టెల మధ్యే పడుకోబెట్టి పశువుల డాక్టరు దగ్గరికి.
ఇంకో అరగంట ఆలస్యమైతే, అందావిడ,
మిగతాది అనలేదు.

బతికింది.
నాలుక అంచు కొంచెం పోయింది,
పురుగు కొరికిన ఆకులా, నువ్వే చూస్తావుగా.
గిన్నెలో నీళ్ళు సగం అది తాగుతుంది, సగం నా వంటింటి నేల.

ఇప్పుడు రోజూ సాయంత్రం
దీపం దగ్గరికి జరిపి, కళ్ళద్దాలు పెట్టుకుని
దాని వేళ్ళు విడదీస్తాను.
నిన్న నాలుగు ముళ్ళు, ఒక పిడుదు.
పని అయిపోయాక కూడా కాలు వెనక్కి తీసుకోదు,
నా అరచేతిలోనే వదిలేసి నిద్రపోతుంది.
ప్రేమ అనకు. పాదం బరువు, అంతే.

సోమవారం వస్తావట.
నీ కాగితం నీకిచ్చేస్తాను,
అడుగున నా రాతలో ఓ ముక్క చేర్చాను:
నీళ్ళు పొయ్యి, రుద్దకు, పరుగెత్తు.

బఠాణీల సంగతి తర్వాత తేల్చుకుందాం.
అన్నట్టు, మన మధ్య గోడలో
కింది వరస రాళ్ళు మూడు తీయించాను.
ఈ వయసులో అంతెత్తు దూకడం
దాని కీళ్ళకి మంచిది కాదట.